చెయ్యి వదిలితే తిరిగి రావాలి

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, బస్సు డిపో మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకరి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హెడ్మాస్టరు గారికి, సైన్సు ఉపాధ్యాయులకు, పొద్దుటి నుంచి ఓపికగా కూర్చున్న పిల్లలకు.

ఈ బల్ల మీద ప్లైవుడ్ స్టీరింగు ఒకటి, కింద నేల మీద చిన్న బొమ్మ కారు ఒకటి ఉన్నాయి. రెంటికీ మధ్య తీగ లేదు. నేను ఇక్కడ తిప్పితే అక్కడ ముందు చక్రాలు తిరుగుతాయి. ఎలా తిరుగుతాయో చెబుతాను. అయితే నాకు ఎక్కువ కాలం పట్టింది ఆ పనికి కాదు. చేతి మాట చక్రాలకు చేరడం నెల రోజుల్లో అయిపోయింది. చక్రాల మాట చేతికి రావాలి కదా, దాని కోసం ఏడాది పైన పట్టింది, ఇప్పటికీ పూర్తి కాలేదు. ఈ రోజు ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతాను.

నేను 31 సంవత్సరాలు డిపో గ్యారేజీలో పనిచేశాను. అందులో చాలా కాలం అచ్చంపేటలో. అప్పుడది మన జిల్లాలోనే ఉండేది, 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలో కలిసింది. శ్రీశైలం వెళ్లే బస్సులు మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళతాయి. వటవర్లపల్లి, దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగేటప్పుడు మలుపు మీద మలుపు వస్తుంది. ఆ దారి నుంచి వచ్చిన డ్రైవర్లు బండి అప్పగించేటప్పుడు లోపాలు రాసి ఇచ్చేవారు. స్టీరింగు హార్డు, ఎడమకు లాగుతోంది, ప్లే, అంటే వదులు, ఎక్కువగా ఉంది, ఇలా. వీటన్నిటిలో నేను మిగతా పని ఆపేసి మరీ చూసే ఫిర్యాదు ఒకటి ఉండేది: "చెయ్యి వదిలితే తిరిగి రావడం లేదు." మలుపు అయిపోయాక స్టీరింగు తనంతట తాను మధ్యకు రావాలి. రాకపోతే డ్రైవరు ప్రతి మలుపుకూ రెండుసార్లు పనిచేయాలి, తిప్పడానికి ఒకసారి, విప్పడానికి ఒకసారి. రాత్రి పూట, అలసిన చేతులతో, ఘాట్లో అది ప్రమాదం.

ఇక ఈ బొమ్మ కారు సంగతి. మా మనవరాలికి ఎవరో దీన్ని కొనిచ్చారు. ఆరేళ్ల పిల్ల. రిమోటు చేతిలో పట్టుకుని నన్ను అడిగింది: "తాతా, బస్సుకు అంత పెద్ద స్టీరింగు ఉంటే, దీనికి బొత్తాం ఎందుకు పెట్టారు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కారు విప్పి చూశాను.

చవక బొమ్మల్లో ముందు చక్రాలకు మూడే స్థితులు ఉంటాయి. పూర్తిగా ఎడమ, పూర్తిగా కుడి, మధ్య. బొత్తాం నొక్కితే లోపలి చిన్న మోటారు చక్రాలను ఒక చివరకు నెట్టేస్తుంది. కొంచెం ఎడమ అనేది ఆ బండికి తెలియదు. ఊహించండి, అలాంటి బస్సు దోమలపెంట దిగగలదా? రోడ్డు మీద బండి నడపడమంటే నూటికి తొంభై పాళ్లు ఆ "కొంచెం" లోనే జరుగుతుంది. అందుకని బొత్తాం తీసేసి స్టీరింగు పెట్టినంత మాత్రాన లాభం లేదు, కారు లోపలి భాగం కూడా మార్చాలి.

మొదటి మోటారు కార్లకూ స్టీరింగు చక్రం ఉండేది కాదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండికి పడవ చుక్కాని పిడి లాంటి కడ్డీ ఉండేది. 1894లో పారిస్ నుంచి రూవాన్ వరకు జరిగిన పోటీలో ఒక ఫ్రెంచి వ్యక్తి తన బండికి గుండ్రటి చక్రం బిగించుకుని వచ్చాడు. నాలుగేళ్ల తరువాత, 1898లో, నికోలా టెస్లా న్యూయార్కులో నీళ్ల తొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. చక్రం పట్టి తిప్పడం, దూరం నుంచి తిప్పడం, రెండూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. నా బల్ల మీద ఆ రెండూ కలిశాయి, అంతే.

బస్సులో స్టీరింగు తిప్పితే ఏమవుతుందో మొదట చూద్దాం. స్టీరింగు కింద కాలమ్, దాని కింద గేరు బాక్సు, అందులోంచి డ్రాప్ ఆర్మ్, దానికి డ్రాగ్ లింకు, చివరికి రెండు చక్రాలనూ కలిపే టై రాడ్. అంతా ఇనుమే, ఒకదానికొకటి బిగించి ఉంటుంది. నా బండిలో ఈ గొలుసు నడుమ తెగిపోయింది. సగం మన దగ్గర, సగం కారులో, మధ్యలో గాలి. తెగిన చోట మనం చేయాల్సింది ఒక్కటే: స్టీరింగు ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఒక అంకెగా మార్చి అవతలకు పంపడం.

తిరుగుడును అంకెగా మార్చే వస్తువు మీ అందరి ఇళ్లలో ఉండేది. పాత రేడియోలో శబ్దం పెంచే గుండీ. దాని పేరు పొటెన్షియోమీటర్. లోపల వంకీలా కార్బన్ పట్టీ ఉంటుంది, రెండు చివర్లా రెండు కాళ్లు, నడుమ జారే మూడో కాలు. ఒక చివర 5 వోల్టులు, రెండో చివర సున్నా ఇస్తే, నడుమ కాలు ఎక్కడ ఆగితే ఆ చోటికి తగిన వోల్టేజీ వస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంటే రెండున్నర.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. మా ఇంట్లో పాడైన రేడియో నుంచి వాల్యూమ్ గుండీ పీకి వాడాను. ఎడమ వైపు తిప్పితే కారు మెల్లగా తిరిగింది. కుడి వైపు కొద్దిగా తిప్పితే ఎగిరినట్టు తిరిగింది. మూడు రోజులు కారులో లోపం వెతికాను. లోపం గుండీలో ఉంది. మన చెవికి శబ్దం పెరగడం సమంగా వినిపించాలంటే కార్బన్ పట్టీ నిరోధం సమంగా పెరగకూడదు, అందుకే శబ్దం గుండీలను అలా చేస్తారు. స్టీరింగుకు కావాల్సింది సమంగా పెరిగేది. కొనేటప్పుడు దాని వీపు మీద చూడండి. ఎక్కువ కంపెనీలు సమంగా పెరిగే దాని మీద "బి" అక్షరం ముద్రిస్తాయి. నేను వాడుతున్నది బి10కె, అంటే పది కిలో ఓమ్‌ల సమ రకం.

రెండో తప్పు, స్టీరింగును నేరుగా ఆ గుండీ కాడకు బిగించడం. ఆ కాడ 6 మిల్లీమీటర్ల మందం. వేళ్లతో తిప్పడానికి చేసింది, పిల్లలు రెండు చేతులా పట్టి వేలాడటానికి కాదు. వారం తిరగక ముందే చివరి అడ్డు విరిగి కాడ గిరగిరా తిరిగింది. బరువు ఒకరు మోయాలి, కొలత ఇంకొకరు తీయాలి. గ్యారేజీలో మాకు అలవాటైన సూత్రమే ఇది. ఇప్పుడు ఈ 28 సెంటీమీటర్ల ప్లైవుడ్ చక్రం 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీకి బిగించి ఉంది. కడ్డీని రెండు 608 నంబరు బేరింగులు మోస్తున్నాయి. పిల్లల స్కేటింగు బూట్లలో ఉండేవి అవే, లోపలి రంధ్రం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. కడ్డీ చివరను లేత్ మిషను మీద 6 మిల్లీమీటర్లకు చెక్కించి, మోటారు సైకిలు పెట్రోలు పైపు ముక్కతో గుండీ కాడకు కలిపాను. పైపు ముక్క ఎందుకంటే, కడ్డీ, కాడ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో ఉండవు. ఆ తేడాను రబ్బరు మింగుతుంది. అడుగున ఇనుప మేకు ఒకటి పెట్టాను, స్టీరింగు అటు 120, ఇటు 120 డిగ్రీలు దాటకుండా అదే ఆపుతుంది. గుండీ లోపలి అడ్డుకు ఇక దెబ్బ తగలదు.

ఇప్పుడు కొంచెం లెక్క. పదో తరగతి పిల్లలు రాసుకోండి. గుండీ మొత్తం 270 డిగ్రీలు తిరుగుతుంది, నేను వాడేది 240. ఆ వోల్టేజీని చదివేది ఆర్డ్యునో అనే, మనం ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం మొదలైన బోర్డు అది. 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న దాన్ని 0 నుంచి 1023 అంకెలుగా చెబుతుంది. అంటే డిగ్రీకి దాదాపు 3.8 అంకెలు. నా స్టీరింగు ఎడమ చివర 57, కుడి చివర 966. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, వీటితో తరువాత పని ఉంది.

కారు వైపు పాత బొమ్మ మోటారు తీసేసి సర్వో మోటారు పెట్టాను, అంటే చెప్పినంత తిరిగి అక్కడే ఆగే మోటారు. సర్వోకు ఎంత తిరగాలో చెప్పేది వోల్టేజీ కాదు, కాలం. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక తరంగం పంపుతాం. అది 1 మిల్లీసెకను ఉంటే ఒక చివర, 2 ఉంటే ఇంకో చివర, ఒకటిన్నర ఉంటే సరిగ్గా మధ్య. మొదట 9 గ్రాముల ప్లాస్టిక్ పళ్ల సర్వో పెట్టాను. మన చెలక నేలలో ఒక బెడ్డకు తగిలి పళ్లు అరిగిపోయాయి. ఇప్పుడున్నది ఇనుప పళ్లది. మధ్యలో అంకెను మోసుకెళ్లేది ఎన్‌ఆర్‌ఎఫ్24 అనే రేడియో ముక్క, 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మన దేశంలో ఆ బ్యాండులో తక్కువ శక్తితో వాడే పరికరాలకు లైసెన్సు అక్కరలేదు. ఒక్క జాగ్రత్త, దానికి 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 ఇస్తే కాలిపోతుంది. దాని కాళ్ల దగ్గరే ఒక కెపాసిటర్, అంటే కొంచెం విద్యుత్తు దాచి ఉంచే ముక్క, సోల్డరింగు చేయండి. లేకపోతే సర్వో గట్టిగా లాగిన ప్రతిసారీ విద్యుత్తు తగ్గి రేడియో మూర్ఛపోతుంది. రేడియో గురించి ఇంతకన్నా చెప్పను, దాని సంగతి మీ సారు నాకంటే బాగా చెబుతారు.

మొదటి రోజు అన్నీ కలిపి ఆన్ చేస్తే కారు ముందు చక్రాలు జ్వరం వచ్చినట్టు వణికాయి. స్టీరింగు ఎవరూ ముట్టుకోలేదు. గుండీ పంపే అంకె ఒక చోట నిలవదు, 511, 513, 512, 510 అని ఊగుతూ ఉంటుంది. దానికి అందరూ చెప్పే మందు సగటు. నేను ఎక్కువ మోతాదు వేశాను: 5 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున 64 అంకెల సగటు తీశాను. వణుకు పోయింది. కాని కారు మలుపు దాటిపోయాక తిరగడం మొదలుపెట్టింది. లెక్క వేస్తే తెలిసింది. 64 అంకెలకు 320 మిల్లీసెకన్లు పడుతుంది, సగటు అందులో సగం వెనకబడుతుంది. సెకనుకు 3 మీటర్లు పోయే కారు ఆ లోపల అర మీటరు ముందుకు వెళ్లిపోతుంది. నిదానంగా ఆలోచించే స్టీరింగు వణికే స్టీరింగు కంటే ప్రమాదం. ఇప్పుడు 2 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున 8 అంకెల సగటే తీస్తున్నాను. మిగిలిన చిన్న వణుకు సర్వోకు తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను.

కారు తిరిగింది, వణకలేదు, ఆలస్యం లేదు. మనవరాలికి ఇచ్చాను. అయిదు నిమిషాల్లో గోడకు కొట్టింది. మళ్లీ ఇచ్చాను, మళ్లీ కొట్టింది. నేను పట్టుకుని నడిపాను. నేనూ కొట్టాను. నాకు చాలా బాధ వేసింది. అప్పుడు గమనించాను, నా కళ్లు కారు మీద లేవు. స్టీరింగు ఎక్కడుందో చూసుకోవడానికి మాటిమాటికీ చేతుల వైపు చూస్తున్నాను. చేతికి మధ్య ఏదో తెలియడం లేదు. ఇది "చెయ్యి వదిలితే తిరిగి రాని" స్టీరింగు. 31 ఏళ్లు ఏ లోపాన్ని చూసి భయపడ్డానో దాన్నే ఇంట్లో నా చేతులతో తయారుచేశాను.

బస్సులో అది ఎందుకు తిరిగి వస్తుంది? స్ప్రింగు వల్ల అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆసుపత్రిలో స్ట్రెచరు చక్రాలు చూడండి. చక్రం దాన్ని మోసే కడ్డీకి సరిగ్గా కింద ఉండదు, కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది. ఎటు తోస్తే అటు, చక్రం తనే తిరిగి కడ్డీ వెనక నడుస్తుంది. బస్సు ముందు చక్రం కుడి ఎడమలకు తిరిగేది కింగ్ పిన్ను అనే నిలువు కడ్డీ మీద, దాని పై భాగాన్ని కొంచెం వెనక్కి వాల్చి పెడతారు. ఆ పిన్ను గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. అందుకని టైరు ఎప్పుడూ ఆ గీత వెనక నడవాలని చూస్తుంది. బండి వేగం ఉన్నప్పుడు ఆ లాగుడు తెలుస్తుంది, ఆగి ఉన్నప్పుడు ఉండదు. డ్రైవరు అరచేతుల్లో ఆ లాగుడు ఉంటుంది. కంకర వస్తే ఒక రకంగా, తడి రోడ్డు వస్తే ఇంకో రకంగా. పవర్ స్టీరింగు బండ్లు వచ్చిన కొత్తలో ఒక పెద్ద వయసు డ్రైవరు నాతో అన్నారు, "బండి తేలికైంది గాని, టైరు కింద ఏముందో చేతికి తెలియడం లేదు" అని. ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఈ బొమ్మ చేసినప్పుడు అర్థమైంది.

నా స్టీరింగు కింద రోడ్డు లేదు కనుక స్ప్రింగే పెట్టాలి. మొదట సైకిల్ ట్యూబు పట్టీలు అటొకటి ఇటొకటి కట్టాను. ఎండకు ఒకటి ఎక్కువ సాగి, నెలకల్లా మధ్య పక్కకు జరిగింది. తరువాత రెండు ఇనుప స్ప్రింగులు ఎదురెదురుగా బిగించాను. దూరంగా తిప్పి వదిలితే బాగా వచ్చేది, కాని మధ్యకు రాకముందే ఆగిపోయేది. ఇంకా బిగువైన స్ప్రింగులు వేశాను, అయినా అంతే. ఎందుకు?

ఇది మీరే ఆలోచించండి. కబడ్డీలో ఒకరిని రెండు వైపుల నుంచి ఇద్దరు సమాన బలంతో లాగుతున్నారు. సరిగ్గా మధ్యలో ఉన్నవాడి మీద మిగిలే బలం ఎంత? సున్నా. ఇద్దరూ ఎంత బలవంతులైనా సున్నాయే. మధ్యకు దగ్గరయ్యే కొద్దీ లాగుడు సున్నాకు దగ్గరవుతుంది. బేరింగులో, గుండీలో ఉన్న ఒరిపిడి దాన్ని ఆపేస్తుంది. స్ప్రింగు త్రాసుతో చక్రం అంచు దగ్గర కొలిచాను. ఒరిపిడిని జయించడానికే 40 గ్రాములు కావాలి. మధ్య నుంచి పది డిగ్రీల లోపల స్ప్రింగులు అంత ఇవ్వడం లేదు.

దీనికి జవాబు కత్తెర. ఇదిగో, వెనక్కి తిప్పుతాను, చూడండి. రెండు ఇనుప బద్దలు కత్తెర కాళ్లలా ఒకే మేకు మీద తిరుగుతాయి. వాటిని ఒకే ఒక స్ప్రింగు దగ్గరకు లాగుతుంది. రెండింటి మధ్య, చెక్కకు కొట్టిన కదలని మేకు ఒకటి ఉంది. అదే మందంలో ఇంకో మేకు స్టీరింగు కడ్డీకి ఉంది, అదీ ఆ రెండు బద్దల మధ్యే ఉంటుంది. స్టీరింగు కుడికి తిప్పితే దాని మేకు ఒక బద్దను నెడుతుంది. రెండో బద్ద కదలని మేకుకు ఆని ఆగిపోతుంది. స్ప్రింగు సాగుతుంది. వదిలితే బద్ద సరిగ్గా కదలని మేకు దాకా వచ్చి ఆగుతుంది. మధ్య ఎక్కడ అని నిర్ణయించేది ఇప్పుడు స్ప్రింగు కాదు, ఆ మేకు. స్ప్రింగు వదులైనా మధ్య జరగదు. పైగా మధ్యలో కూడా స్ప్రింగు బిగువుగానే ఉంటుంది కాబట్టి మొదటి డిగ్రీ నుంచే చేతికి ఎదురు తెలుస్తుంది. బొమ్మ విమానాల, కార్ల రిమోటుల్లో కొన్నిటిలో కర్రలు మధ్యకు వచ్చేది కూడా ఇలాంటి పద్ధతిలోనే. ఇది నేను కనిపెట్టింది కాదు, పాత రిమోటు ఒకటి విప్పి నేర్చుకున్నాను. మీరూ పాడైన వస్తువు పారేసే ముందు ఒకసారి విప్పండి.

కత్తెర పెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. వదలగానే స్టీరింగు ఠకీమని మధ్యకు వచ్చి కొట్టుకునేది, కారు తల ఊపేది. బేరింగుకు, చెక్కకు మధ్య ఉన్ని గుడ్డ వాషరు ఒకటి పెట్టి కొంచెం ఒరిపిడి కావాలనే కలిపాను. ఇంతకాలం ఒరిపిడిని తగ్గించడమే నా వృత్తి. తగిన చోట తగినంత ఉంచడం కూడా పనేనని ఇక్కడ నేర్చుకున్నాను. ఆ సాయంత్రం మనవరాలు చేతుల వైపు ఒక్కసారి కూడా చూడకుండా రెండు ఇటుకల మధ్య నుంచి కారును పోనిచ్చింది.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: కారు మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు అవుతాయి కదా?)

అవుతాయమ్మా. మంచి ప్రశ్న. కారు మనకు ఎదురుగా వస్తుంటే దాని కుడి మన ఎడమ. బొత్తాలతో ఆడేవాళ్లు అందరూ ఇక్కడే తడబడతారు. దీనికి యంత్రంలో మందు లేదు. మనసులో కారు లోపల కూర్చోవాలి. నా అనుభవంలో గుండ్రటి స్టీరింగు పట్టుకున్న పిల్లలకు అది తొందరగా వస్తోంది. రెండు చేతులా పట్టుకున్నప్పుడు ఒళ్లు కూడా కొంచెం వంగుతుంది, మీరు గమనించే ఉంటారు.

ఇప్పుడు ఒక సంఘటన చెప్పాలి. పోయిన యాసంగిలో పల్లికాయ ఆరబోసే గచ్చు మీద కారు నడుపుతున్నాం. స్టీరింగు పెట్టె కింద బ్యాటరీ ఊడిపోయింది. కారు ఆగలేదు. చివరిగా విన్న మాట "ముందుకు" కనుక ముందుకే పోయింది. అక్కడ కూర్చుని కాయలు చెరుగుతున్న ఒక అమ్మ చేటకు తగిలి ఆగింది. ఆమెకు ఏమీ కాలేదు. ఆమె ఏమీ అనలేదు కూడా. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. కారులో ప్రోగ్రాము రాసింది నేను, మాట వినిపించకపోతే ఏం చేయాలో దానికి చెప్పనిది నేను.

మర్నాడు రెండు పనులు చేశాను. ఒకటి, పావు సెకను పాటు రేడియోలో ఏమీ వినిపించకపోతే కారు మోటారు ఆగిపోవాలి. రెండోదానికి ఇందాక గుర్తుంచుకోమన్న 57, 966 కావాలి. స్టీరింగు బాగున్నంత కాలం అంకె ఆ రెంటి మధ్యే ఉంటుంది. గుండీకి వెళ్లే చివరి తీగల్లో ఒకటి తెగితే అంకె 0 వైపో 1023 వైపో పరుగెత్తుతుంది. కాబట్టి 20 కంటే తక్కువ, 1003 కంటే ఎక్కువ వస్తే అది మలుపు కాదు, తెగిన తీగ అని ప్రోగ్రాముకు చెప్పాను. వెంటనే ఆపేస్తుంది. నడుమ కాలు తీగ తెగితే అంకె గాలిలో తేలుతుంది, ఏదైనా చెబుతుంది. అందుకని అక్కడి నుంచి సున్నా వైపుకు పది లక్షల ఓమ్‌ల నిరోధం ఒకటి వేశాను. తెగితే అంకె కిందికి పడిపోతుంది. మొత్తం 270 డిగ్రీలూ వాడుకోకుండా 240తో ఎందుకు ఆగానో ఇప్పుడు అర్థమైందా? రెండు చివర్లా కొంత ఖాళీ ఉంచితేనే లోపం బయటపడటానికి చోటు ఉంటుంది. కాలితో తొక్కే యాక్సిలరేటరుకూ ఇలాగే చేశాను. దానికి తలుపు బందు, ఇంకో గుండీ, రెండు రిటర్న్ స్ప్రింగులు. ఒకటి తెగినా రెండోది పైకి తెస్తుంది.

మిగిలింది చెప్పి ముగిస్తాను. స్ప్రింగు చెప్పేది "మధ్య ఇక్కడుంది" అని మాత్రమే. కారు ఆగి ఉన్నా, పరుగెత్తుతున్నా ఒకే మాట చెబుతుంది. బస్సు స్టీరింగు అలా కాదని ఇందాక చెప్పాను. సర్వో బెడ్డకు తగిలి ఇబ్బంది పడినప్పుడు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. ఆ విద్యుత్తును కారులోనే కొలవవచ్చు. ఈ రేడియో ముక్కకు ఒక మంచి గుణం ఉంది, అందింది అని తిరిగి చెప్పే కబురులోనే 32 బైట్ల వరకు వెనక్కి పంపగలదు. ఆ అంకెను ఇక్కడికి తెచ్చి, ఈ కడ్డీకి చిన్న మోటారు బిగించి, బెడ్డ తగిలిన సంగతి అరచేతికి తెలిసేలా చేయాలి. మోటారు తెచ్చాను. ఇంకా బిగించలేదు. కడ్డీ మీద ఎంత బలం వేస్తే పిల్లల చేతికి దెబ్బ తగలకుండా ఉంటుందో కొలుస్తున్నాను.

సరే, ఇక మీ వంతు. తొమ్మిదో తరగతి వాళ్లు ముందు రండి, చెప్పులు అక్కడ వదిలి, తీగలు తొక్కకుండా. ఆన్ చేసేటప్పుడు ముందు స్టీరింగు పెట్టె, తరువాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత స్టీరింగు. ఈ వరుస తప్పితే కాసేపు కారుకు మాట చెప్పేవాళ్లు ఉండరు. ఇదిగో అమ్మా, ప్రశ్న అడిగింది నువ్వే కదా, నువ్వు ముందు పట్టుకో. చేతుల వైపు చూడకు, కారు వైపు చూడు.